తల లేని చేపకు ఊరిగాంలో చోటు లేదు

చేప అంటే నాకు ప్రాణం. అయితే కిందటేడు బెంగళూరులో పేరు తెలియని చేప వేపుడేదో తిని రెండు రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత ముక్కని నోటిదాకా తెచ్చుకుని మళ్ళీ కంచంలో పెట్టేసేదాన్ని. నా అవస్థ చూడలేక ఆఫీసులో స్నేహితురాలు ఒక దారి చెప్పింది. కె.జి.ఎఫ్.లోని ఊరిగాంలో ఎలిశమ్మ అని ఒకావిడ చేపల భోజనం వండి పెడుతుందట. ఆ రోజు కోసిన చేపల తలల్ని అరిటాకు మీద అందరికీ కనబడేలా పేర్చాకే వడ్డన మొదలుపెడుతుందట. అంత ధీమాగా చూపించే మనిషి చేతి పులుసు తినకుండా ఎలా ఉంటాను? ఫోన్ చేస్తే, "ఈ ఆదివారం విందు వంట ఉండాది, దాంట్లోనే నీకూ ఒక ముద్ద పెడతా, రామ్మా" అంది. బయలుదేరాను.

బెంగళూరు నుంచి మారికుప్పం వెళ్ళే రైలు ఉదయాన్నే ఎక్కితే బంగారుపేట మీదుగా రెండున్నర, మూడు గంటల ప్రయాణం. టికెట్టు ఒక ప్లేటు దోసె ఖరీదు కూడా ఉండదు. మారికుప్పం దాకా పోకుండా ముందే ఊరిగాంలో దిగాను. ఎలిశమ్మ భర్త దావీదు తన ఆటోతో వచ్చాడు. ఎక్కబోతే కాళ్ళు పెట్టే చోట పెద్ద థర్మోకోల్ పెట్టె ఉంది. "చెన్నై చేపమ్మా. కాళ్ళు పైకి పెట్టుకో, ఐసు నీళ్ళు కారతాయి" అన్నాడు. చర్చి హాల్లో సంఘపెద్ద జయరాజ్ గారి మనవడి బాప్తిస్మం విందని, తన భార్యకు ఇదే మొదటి పెద్ద ఆర్డరని, ఇది బాగా జరిగితే చర్చి విందులన్నీ ఆమెకే వస్తాయని దారి పొడవునా చెబుతూనే ఉన్నాడు. గనుల కంపెనీ నాటి పాత ఇళ్ళ వరసల్ని నేను తీరిగ్గా చూడనేలేదు.

హాలు వెనక వంటశాలలో పెట్టె తెరిచారు. పైన సగం వంజరం చేపలు, నిగనిగలాడుతున్నాయి. కింద సగం మాత్రం తలా తోలూ తీసేసి కవర్లలో కట్టిన తెల్లటి ముక్కలు. ఎలిశమ్మ ఒక కవరు ఎత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. చేప పంపిన వాడికి ఫోన్ చేసింది. వంజరం తక్కువ పడిందని, శుభ్రం చేసిన సముద్రం చేపే పంపానని, పేరుతో పనేముందని అతను నవ్వేశాడు.

"ఇంగ వేపుడు వేసెయ్. ఎవురికి తెలుస్తాది?" అన్నాడు దావీదు, గడియారం చూస్తూ.

"తల యాడ ఉండాదని అడిగితే ఏం చూపించేది?" అంది ఎలిశమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "కోలారులో మా వంటోళ్ళకి ట్రైనింగు ఇచ్చినప్పుడు చెప్పినారమ్మా. బంతి మాదిరి ఉబ్బే చేప ఒకటుంటాది, తమిళంలో పేత్తై అంటారు. తోలు తీస్తే కోడి ముక్క మాదిరే ఉంటాది. ఉడకబెట్టినా, వేంచినా, ఉప్పులో పెట్టినా దాని విషం పోదు. శుభ్రం చేసి అమ్ముకోవచ్చు అనే మాటే లేదు, అమ్మనే కూడదు. ఇది అదేనని నేను చెప్పను. కాదని చెప్పేదానికీ నాకు తెలీదే."

నిజం చెప్పొద్దూ, నాకు కిందటేటి ఆ పేరు తెలియని వేపుడే గుర్తొచ్చింది. ఆమె ఒక కవరు మాత్రం ఆహార భద్రత అధికారికి చూపించడానికి ఐసులో పక్కన పెట్టింది. మిగతాదంతా కుక్కలు కూడా ముట్టకుండా ఫినాయిలు పోసి, గుంత తవ్వి పూడ్పించింది. అప్పుడు జయరాజ్ గారిని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ముఖం ఎర్రబడింది. "చుట్టాల ముందర నా పరువు తీస్తే మళ్ళా నీకు ఈ చర్చిలో పొయ్యి వెలగదు, చెప్తా ఉండాను" అని వెళ్ళిపోయాడు. ఎలిశమ్మ తలలున్న చెరువు చేపలు తెమ్మని దావీదుకి చెప్పింది. తను ఉల్లిపాయలు తరగడంలో పడింది.

దావీదు వెంటనే ఆటో తీశాడు. నేనూ ఎక్కి కూర్చున్నాను, వంటింట్లో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చోవడం నా వల్ల కాదు. బేతమంగలం చెరువు అరగంట దూరం. మీరు వెళితే గట్టు మీద కాసేపు నిలబడండి, గాలి హాయిగా ఉంటుంది. మాకు ఆ భాగ్యం లేదు. అప్పుడే వలలోంచి తీసిన బొచ్చె చేపలు ఇంకా గిలగిలలాడుతుంటే గోనెసంచిలో వేయించుకుని వెనక్కి పరుగెత్తాం. వాటిలోని పిత్తం ఉండే చేదుతిత్తి చిట్లకుండా ఒక్కొక్కటే తీసి పారేసింది ఎలిశమ్మ. అదీ విషమేనట. దాన్ని మందని పచ్చిగా మింగేవాళ్ళు ఉంటారట, వాళ్ళు అడిగినా ఇవ్వనంది.

భోజనాలు గంటకు పైగా ఆలస్యమయ్యాయి. పిల్లలు ఏడుస్తున్నారు, జయరాజ్ గుమ్మం దగ్గర మూతి ముడుచుకుని నిలబడ్డాడు. ఎలిశమ్మ వంజరం తలలూ బొచ్చె తలలూ ఆకు మీద పేర్చి, ఎందుకు ఆలస్యమైందో అందరి ముందూ తానే చెప్పింది. జయరాజ్ వాళ్ళమ్మ చేతికర్రతో మెల్లగా లేచి వచ్చి, ఒక బొచ్చె మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసింది.

"ఇది యాడదే?"

"బేతమంగలం చెరువుదవ్వా. ఇందాక పట్టినారు."

"ఆ ముక్కలంతా పూడ్చేసినావా?"

"పూడ్చేసినా అవ్వా. ఒకటి ఆఫీసరుకి పెట్టినాను."

ముసలామె కొడుకు వైపు తిరిగింది. "జయరాజూ, నీ మనవడికి పళ్ళు వచ్చినాక మొదటి చేప ముక్క ఈమె చేత్తోనే పెట్టిస్తా. ఇంగ వచ్చి కూర్చో అప్పా, ఆకలేస్తా ఉండాది."

ఆయన వచ్చి కూర్చున్నాడు. రెండోసారి పులుసు వేయించుకుంటూ, "క్రిస్మస్‌కీ నువ్వే అక్కా. ఆ తలలు మాత్రం మరవొద్దు" అన్నాడు, తల ఎత్తకుండానే. దావీదు కళ్ళు తుడుచుకోవడానికి పొయ్యి పొగని అడ్డం పెట్టుకున్నాడు. నేను రాగిముద్ద తుంచి, బొచ్చె ముక్క పెట్టుకుని మింగాను. ఏడాది తర్వాత, భయం లేకుండా.

తిరుగు రైల్లో అదే ఆలోచన. నేను పుట్టింది ఇదే కోలారు జిల్లా గౌనిపల్లిలో, ఇక్కడికి సముద్రం ఎంత దూరమో నాకు తెలుసు. దూరం నుంచి వచ్చే తిండిని మనం కళ్ళు మూసుకునే తింటున్నాం. మనకోసం ఎక్కడో ఒకరు కళ్ళు తెరిచి చూస్తున్నారంటే నాకు చాలా ధైర్యంగా అనిపించింది. మీరు ఎక్కడికి వెళ్ళినా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చేప తినే ముందు తల చూపించమనండి. తల లేకపోతే పేరు అడగండి. పేరు కూడా చెప్పలేకపోతే, ఆ పూటకి పప్పన్నం తినండి.