మరణాల విభాగంలో మణికట్టు

ఈజిప్టులోని తాంతా ఊరి రిజిస్ట్రారు ఆఫీసులో మరణాల విభాగం గుమాస్తా బదవీకి కుడిచెయ్యి చచ్చుబడుతోంది. పన్నెండేళ్లుగా పోయినవాళ్ల పేర్లు కంప్యూటర్లో కొట్టీ కొట్టీ మణికట్టు వాచింది. భార్య పోయినప్పటి నుంచీ కూతురు నవ్వారాకి జడ వేసేది అతనే. ఈమధ్య పాయలు వేళ్లలోంచి జారిపోతున్నాయి.

"నాన్నా, బళ్లో నన్ను చీపురుకట్ట అంటున్నారు," అంది పిల్ల. అతని ప్రాణం ఉసూరుమంది.

డాక్టరు మందులేమీ రాయలేదు. "అరగంటకోసారి మీటల మీంచి చేతులు తియ్యి. అరచేతులు పైకి తిప్పి రెండు నిమిషాలుంచు. లేదంటే, జడ మాట దేవుడెరుగు, రొట్టెముక్క కూడా తుంచలేవు."

పై అధికారి ఇన్సాఫ్ మేడమ్ ఒప్పుకుంటేగా! "విశ్రాంతి కావాలంటే దరఖాస్తు పెట్టు. మూడు ప్రతులు. టైపు చేసి, గద్దబొమ్మ సర్కారు ముద్ర వేయించుకురా."

"ఎన్నిసార్లకి మేడమ్?"

"ప్రతిసారికీ."

రెండు నిమిషాల విశ్రాంతికి పావుగంట టైపు. మొదటిరోజే మోచెయ్యి కూడా వాచింది.

మూడోరోజు ఒక ముసలాయన, అన్న మరణపత్రం కోసం వచ్చి భోరుమన్నాడు. బదవీ మనసాగక లేచి, "ఆయన ఆత్మకి ఫాతిహా చదువుదాం," అంటూ ఖురాన్ తొలి ప్రార్థనకి అరచేతులు పైకి చాపాడు. ఆఫీసంతా లేచింది. వరసలోని జనమూ చేతులు చాపారు. ఫాతిహాకి దరఖాస్తు అడిగే మొనగాడు ఈజిప్టులో ఇంకా పుట్టలేదు. సగం చదివేసరికి బదవీకి బుర్ర వెలిగింది. డాక్టరు చెప్పిన భంగిమ ఇదే!

అప్పట్నుంచి అరగంటకో పత్రం, పత్రానికో ఫాతిహా. పెళ్లి నమోదుకొచ్చిన కొత్త జంటలు కూడా బిత్తరపోయి చదివి వెళ్లేవారు. వారం తిరిగేసరికి నవ్వారా జడ సగందాకా బిగిసింది.

బుధవారం ఊళ్లో ఎవరూ పోలేదు. టైపు కొట్టాల్సిన పాత రిజిస్టర్ల నకళ్లు మాత్రం గుట్టలుగా ఉన్నాయి. మధ్యాహ్నానికి ఆఫీసంతా మూలుగు. బదవీ వేళ్లు మళ్లీ కొయ్యబారాయి. ఇన్సాఫ్ మేడమ్ తన మణికట్టు పట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా, మీవాళ్లెవరూ లేరా?"

"పెదనాన్న ఉన్నాడు మేడమ్. గుండ్రాయిలా ఉన్నాడు."

"ఎందుకైనా మంచిది, ఓసారి ఫోన్ చేసి కనుక్కో."

బదవీ నవ్వాడు. నవ్వి, తన మీటల వంక చూశాడు. రెండేళ్ల కిందట ఇదే కుర్చీలో కూర్చుని తన చేత్తోనే కొట్టిన పేరొకటుంది. ఆరోజు వరస చాలా పొడుగ్గా ఉంది. ఎవరూ లేవలేదు, అతనూ లేవలేదు.

"సనియ్యా," అన్నాడు. "మా ఆవిడ."

అందరూ లేచారు. రెండు నిమిషాలు దాటాయి. ఐదు దాటాయి. ఇన్సాఫ్ మేడమ్ చేతులు దించలేదు. చేతినొప్పి మాటే మరిచిపోయి, బదవీ జనం ముందే వెక్కి వెక్కి ఏడ్చాడు.