బిక్షపతి చెప్పుల మొక్కు

స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇల్లిల్లూ తిరిగి స్టవ్వులు బాగుచేసే బిక్షపతికి రెండే బలహీనతలు. ఒకటి చాయ్, రెండోది పంతం. ఇస్తామన్న తెలంగాణను వెనక్కి లాక్కున్నారన్న కోపంతో, రాష్ట్రం వచ్చేదాకా చెప్పులు తొడగనని మొక్కుకున్నాడు. అలా మొక్కుకున్నవాళ్లు ఆ రోజుల్లో చాలామందే ఉండేవారు. అయితే వాళ్లెవరూ మిట్టమధ్యాహ్నం సంచీ తగిలించుకొని తారురోడ్డు మీద తిరిగేవాళ్లు కారు.

రెండు వేల పది మే నెల. తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. బిక్షపతి మాత్రం ఇంటి వాకిట్లో తిరిగినట్టే తిరిగేవాడు. కాళ్లు కాలడమే లేదని, మొక్కు మహిమ అలాంటిదని గొప్పలు పోయేవాడు. జనం నిజమే అనుకున్నారు. ఆయనా నమ్మాడు, పిచ్చి మారాజు.

ఒక సాయంత్రం ఆయన మంచం మీద కాళ్లు చాపితే భార్య కళావతి చూసింది. అరికాళ్ల నిండా బొబ్బలు, ఒకటి పగిలి చీము పట్టింది. వేలితో నొక్కి నొప్పిగా ఉందా అని అడిగితే, ఎక్కడ నొక్కావన్నాడు.

చక్కెర వ్యాధి ముదిరి పాదాలకు స్పర్శ పోయిందని, ఇలాగే తిరిగితే కాలు తీసెయ్యాల్సి వస్తుందని మర్నాడు దవాఖానలో చెప్పారు. అయినా మొక్కు తప్పనని మొండికేశాడు. ఇంట్లో ఒకరి మొక్కు ఇంకొకరు తీర్చడం ఉన్నదే కదా. బయటికి రాగానే కళావతి తన చెప్పులు విడిచేసింది.

"నీ మొక్కు నేను మోస్త. నువ్వు తొడుక్కో," అని, ఎదురుగా ఉన్న ఖాదర్ చెప్పుల దుకాణం వైపు రోడ్డు మీదికి నడిచింది.

నాలుగడుగులకే పళ్లు బిగబట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. తన కాళ్లు చెప్పని మంట బిక్షపతికి ఆమె మొహంలో కనబడింది. ఆమె విడిచిన చెప్పులు పట్టుకొని పరుగెత్తాడు. అందరూ చూస్తుండగా రోడ్డు మీదే కూర్చొని, ఆమె పాదాలకు తొడిగాడు. ఖాదర్ మెత్తటి జత ఒకటి తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాడు.

"మొక్కు ఇడువ," అన్నాడు బిక్షపతి, చెప్పుల్లో కాళ్లు పెడుతూ. "రాష్ట్రం వచ్చేదాకా చాయ్ ఇడుస్త."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. రాష్ట్రం వచ్చిన నాడు పొద్దున్నే కళావతి చక్కెర వెయ్యని చాయ్ కలిపి ఇచ్చింది. ఆయన ఆత్రంగా ఒక గుక్క తాగాడు.

"జర సల్లారనియ్యవే, కాలుతున్నది."

కాలుతున్నదన్న మాట ఆయన నోట విని ఎన్నేళ్లయిందో. కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, నవ్వుతూనే ఏడ్చేసింది.