తోడేలు గారు చూడని పది నిమిషాలు

మా ఊరు మసాన్‌లో ప్యో జోంగ్‌మాన్ అంటే ఎవరికీ తెలియదు. బజారు చివర కారు సీట్లకు కవర్లు కుట్టే దుకాణం అతనిది. పక్క కొట్టావిడ కూడా "ఓ సీటు కవరాయనా" అనే పిలుస్తుంది. అదే "ఒంటరి తోడేలు గారు" అంటే మాత్రం నాలుగు వేలమంది నడుం వంచుతారు. పాత సినిమాలు, పాత పాటలు, నాణెం వేసి ఆడే పాత వీడియో గేముల గురించి మేమంతా కబుర్లాడుకునే ఆన్‌లైన్ కెఫేకి యజమాని అతనే. పేరుకే కెఫే, అక్కడ కాఫీ దొరకదు, కయ్యాలు దొరుకుతాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అలాంటి బతుకు.

అతని రాజ్యంలో చట్టం ఒక్కటే. సినిమాను హాల్లో చూసినవాడే మనిషి. వీడియోలో చూసినవాళ్లు "టేపు పిల్లలు". వాళ్లకు నోరెత్తే హక్కు లేదు. నేను కూడా టేపు పిల్లనే కనుక చాలా ఏళ్లు నోరు మూసుకునే ఉన్నాను. నా కలం పేరు "చివరి బస్సు".

అతనికి స్నేహమంటూ మిగిలింది "బార్లీ టీ" ఒక్కతే. అసలు పేరు మేంగ్ జంగ్‌ఓక్, బూసాన్ మనిషి. భార్య వెళ్లిపోయాక అతనికి హెర్నియా ఆపరేషన్ అయితే, నాలుగు వేలమంది "త్వరగా కోలుకోండి తోడేలు గారూ" అని రాసి ఊరుకున్నారు. డబ్బాలో గంజి పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది ఆమె ఒక్కతే. అన్నా అని పిలిచేది.

అలాంటి మనిషిని పోయిన వసంతంలో గెంటేశాడు. దేనికో తెలుసా? "ఏడో నంబరు రేవు" అనే పాత హాంకాంగ్ సినిమా ముగింపు కోసం. చివర్లో హీరో నీళ్లలోంచి బయటపడి, చెల్లెలు కాచుకుని ఉన్న నూడిల్స్ కొట్టుకు వెళ్లి రెండు గిన్నెలు తెమ్మంటాడని బార్లీ టీ రాసింది.

"హీరో నీళ్లలో పడి చచ్చిపోతాడు. అక్కడితో అయిపోతుంది. మీరు చూసింది కలలోనేమో, బార్లీ టీ గారూ" అని రాశాడు తోడేలు.

"కల కాదు తోడేలు గారూ, బూసాన్‌లో హాల్లోనే చూశాను."

"నేను హాల్లో పదకొండు సార్లు చూశాను. మగాడన్నవాడు అలా వెనక్కి రాడు."

ఆ పూటే "అబద్ధపు ప్రచారం" అని నేరం మోపి ఆమెను బలవంతంగా బయటకు పంపాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మేమేం చేశాం? చప్పట్ల బొమ్మలు పెట్టాం. సిగ్గులేని మంద.

ఈ శరదృతువులో ఆ సినిమా పాత ప్రింటును బాగుచేసి బూసాన్‌లో వేశారు. ముప్పై మందిమి ఛాతీకి కలం పేర్ల చీటీలు అంటించుకుని వెళ్లాం. నడివయసు మగవాళ్లు "తోడేలు గారూ ఇలా కూర్చోండి", "స్ట్రాబెర్రీ గారూ జరగండి" అనుకుంటుంటే టికెట్లు చింపే అమ్మాయి నవ్వాపుకోలేక తల తిప్పుకుంది.

తెరమీద హీరో నీళ్లలో పడ్డాడు. జోంగ్‌మాన్ లేచి, కోటు ఒక చేతికి తొడుక్కుని చప్పట్లు మొదలుపెట్టాడు. ఒక్కడే.

"కూర్చోవయ్యా, ఇంకా అవ్వలేదు" అన్నారు వెనకనుంచి ఎవరో.

హీరో పైకి తేలాడు. ఒడ్డెక్కాడు. తడి బట్టలతో నూడిల్స్ కొట్టుకు నడిచాడు. రెండు గిన్నెలు తెమ్మన్నాడు. ఆ పది నిమిషాలూ జోంగ్‌మాన్ కోటు సగం తొడుక్కుని అలాగే కూర్చున్నాడు.

తర్వాత పంది మాంసం సూపు హోటల్లో "స్ట్రాబెర్రీ" అనే పెద్దాయన తాపీగా అడిగాడు. "తోడేలు గారూ, మీరు పదకొండు సార్లూ చూసింది మసాన్‌లోనేనా? మీ ఊరి హాలువాళ్లు రోజుకో ఆట ఎక్కువ వేసుకోడానికి ఆఖరి రీలు తీసేసేవారు కదా. అందరికీ తెలిసిందేగా!"

జోంగ్‌మాన్ గ్లాసు ఎత్తి గటగటా తాగాడు. "అలాగైతే ఆ డైరెక్టరుకన్నా మా ఊరి హాలువాడికే సినిమా తెలుసు. ఆ పది నిమిషాలు వట్టి సాగదీత."

కిందపడ్డా నాదే పైచేయి! నాకు ఒళ్లు మండింది. అక్కడికక్కడే బార్లీ టీకి ఫోన్ కలిపి, తోడేలు గారితో ఇప్పుడే సినిమా చూసొచ్చామని చెప్పి, అతని చేతిలో పెట్టాను. ఫోన్ స్పీకర్లో ఉంది, అందరికీ వినబడింది.

"చూశావా అన్నా?" అంది.

"చూశాను."

"అయ్యో! అయితే ఇన్నేళ్లూ వాడు చచ్చిపోయాడనే అనుకున్నావా? పాపం."

ఆ గొంతులో ఎకసెక్కం ఇసుమంతైనా లేదు. జోంగ్‌మాన్ మొహం ఎర్రబడింది.

"వచ్చే ఆదివారం బయటికి రా అన్నా. కూర్చుని ఏదన్నా తిందాం. కెఫే ఊసు వద్దు, అందులోకి నేనిక రాను" అంది.

అతను మా ముప్పై మంది మొహాలూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"చూడండి బార్లీ టీ గారూ, ఆదివారం కొత్త సభ్యుల దరఖాస్తులు చూడాలి. మీరు కూడా ఒకటి పెట్టుకోండి, పరిశీలిస్తాం."



"అలాగే, తోడేలు గారూ" అని పెట్టేసింది.