దొరస్వామి బండికి ఆముదం

పుత్తూరు నుంచి మెకానిక్ ఇద్రీస్ శుక్రవారం పొద్దున వస్తాడని కూతురు చెప్పినప్పటి నుంచి చంద్రకాంతమ్మకు ముద్ద దిగలేదు.

పశువుల కొట్టంలో గోనెపట్టా కింద తొమ్మిదేళ్లుగా నిలిచిపోయిన రాజ్‌దూత్ మోటారుసైకిలు ఆమె భర్త దొరస్వామిది. వడమాలపేట చుట్టుపక్కల పల్లెల్లో పాలు పోయించుకొని, ఆ బండి మీదే డెయిరీకి చేర్చి ఇల్లు నడిపిన మనిషి. ఆయన పోయాక దాన్ని ఎవరూ తోలలేదు. ఊరి బడిలో టీచరుగా ఉన్న కూతురు భానుశ్రీకి ఈ మధ్య నాయన బండి మీద మనసు పోయింది. ఎట్లాగైనా మళ్లీ పలికించాలని పట్టుపట్టింది.

చంద్రకాంతమ్మకూ ఆశే. ఆ బండి వెనక మళ్లీ ఒక్కసారి కూర్చుంటే చాలునని ఉంది. కానీ కూతురు ఫోనులో మాట్లాడుతుంటే ఇద్రీస్ అన్న మాట ఆమె చెవిన పడింది: "ట్యాంకులో వేరే నూనె ఏది పడినా ఇంజను పట్టేస్తాది పాపా." ఏటా ఆయుధపూజనాడు ఆ ట్యాంకులో తాను గరిటెడు ఆముదం పోస్తూ వచ్చింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

దొరస్వామి పెట్రోలు పోయించిన ప్రతిసారీ దాంట్లో కొంచెం ఇంజను నూనె కలిపి, బండిని రెండు చేతులా పట్టుకొని అటూ ఇటూ ఊపేవాడు. అది చూసి చూసి, నూనె తాగితేనే బండికి ప్రాణం నిలుస్తుందని ఆమె నమ్మింది. ఆయన పోయిన ఏడాది ఆయుధపూజకు బండిని కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాక కూడా మనసు ఒప్పలేదు. బండిని పస్తు పెట్టినట్టనిపించింది. దసరా వచ్చే పెరటాశి నెలలో అరవదేశం నుంచి తిరుమల కొండకు నడిచిపోయే భక్తుల కాళ్లకు రాయడానికి ఏటా ఆమె ఆముదం గింజలు వేయించి, దంచి, కాచి నూనె తీస్తుంది. అప్పుడే దించిన నూనె ఇంట్లో ఉంది. చల్లారాక మొదటి గరిటె బండికి పోసి, ఆయన లాగే అటూ ఇటూ ఊపింది. అప్పటి నుంచి ఏటా అంతే.

శుక్రవారం రానే వచ్చింది. దొరస్వామి ఉన్నన్నాళ్లూ ఆ బండి పని చూసిన, ఇప్పుడు అరవై దాటిన ఇద్రీస్, సామాన్ల సంచి భుజాన వేసుకొని నవ్వుతూ దిగాడు.

"ఏమక్కా, మొగం అట్ల పెట్టుకోనుండావు? నేనొచ్చింది ఇష్టం లేదా?"

"ఇష్టం లేకేమప్పా..."

"మా బావ బండికి దిగులు పడాకు. నేను చేయి పెడితే పలక్కుండా యాడికి పోతాది!"

అతడు ట్యాంకు మూత మీద చేయి వేశాడు. ఇక ఆమె వల్ల కాలేదు.

"ఆగప్పా ఇద్రీస్! నేనొక పాపం చేసుండాను" అని మొదలుపెట్టి, అంతా చెప్పేసింది.

"ఆముదమా!" భానుశ్రీ నెత్తిన చేయి పెట్టుకుంది. "అది ఇంజనమ్మా! దానికేమన్నా విరేచనాలు కావాల్నా?"

పక్కింటి తాయమ్మ గోడ మీద నుంచి తొంగిచూసింది. "ఏమ్మే చంద్రకాంతా, తలకు రుద్దుకుంటానంటే నాకు గిన్నె అడుగున ఉండే మడ్డి ఇస్తావు. బండికి గరిటెలు గరిటెలు పోసినావా!"

ఇద్రీస్ మాత్రం నవ్వలేదు. మూత తీసి, సెల్‌ఫోను వెలుగులో లోపలికి చూశాడు. వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. చంద్రకాంతమ్మ కొట్టం గుంజను పట్టుకొని నిలబడింది. ఆయన చేతి బండిని తన చేతులారా పాడుచేసుకున్నానా అని ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి.

"పాపా, ఈడ సూడు. ఎన్నో పాత బండ్లు సూసినా. ఇన్నేండ్లు నిలబడితే ట్యాంకంతా తుప్పే. ఇది సూడు, తోమిపెట్టిన గిన్నె మాదిరి ఉండాది! మీయమ్మ ఊపినందుకు నూనె అన్ని పక్కలా పట్టుకోనుండాది."

"అంటే... చెడిపోలేదా అప్పా?" అంది చంద్రకాంతమ్మ.

"తొందరపడాకు. కిందకు దిగిన నూనె కార్బొరేటర్లో జిగురు కట్టింది. అది గీకే లోపల నా నడుము పోతాది. ఇంజను సంగతి కిక్కు కొడితేనే తెలిసేది."

ఆమెకు సగం ప్రాణమే తిరిగొచ్చింది. ఎండ అతడి మీదికి జరిగినప్పుడల్లా పాత చీర కట్టి నీడ చేసింది. సెలవు పెట్టిన భానుశ్రీ, అతడు జుమ్మా నమాజుకు మసీదుకు పోయి వచ్చేలోగా, విప్పిన సామానంతా పెట్రోలులో కడిగి, గుడ్డ మీద వరసగా ఆరబెట్టింది. తిరిగొచ్చిన ఇద్రీస్ అది చూసి, ఆమె తల మీద చేయి వేసి పనిలో కూర్చున్నాడు.

సాయంత్రం కొత్త ప్లగ్గు బిగించి, సరైన నూనె కలిపిన పెట్రోలు పోశారు. ఇద్రీస్ పది కిక్కులు కొట్టాడు. పలకలేదు. భానుశ్రీ కొట్టింది. పలకలేదు. చంద్రకాంతమ్మ కళ్లు మూసుకొని తిరుచానూరు అమ్మవారిని తలుచుకుంది. కళ్ల ముందు అమ్మవారితో పాటు దొరస్వామి కూడా కనిపించాడు, తెల్లవారుజామున, పాలక్యాన్లతో.

"అప్పా, ఆయన తాళం తిప్పకుండా ఉత్తగా నాలుగు కిక్కులు కొట్టేవాడు. ఆ తర్వాతే తాళం."

"అయ్యో, అవును గదా! నేనే మరిసిపోయినా!" ఇద్రీస్ తాళం వెనక్కి తిప్పి ఉత్త కిక్కులు నాలుగు కొట్టాడు. తాళం తిప్పాడు. అయిదోది కొట్టాడు.

డబడబమంటూ బండి పలికింది! తెల్లటి పొగ కొట్టమంతా నిండి, వీధిలోకి పొర్లింది. ఆముదం వాసన గుప్పుమంది. తాయమ్మ దగ్గుతూ, నగుతూ, కొంగు ముక్కుకు పెట్టుకొని పరుగెత్తుకొచ్చింది. చంద్రకాంతమ్మ అదురుతున్న ట్యాంకు మీద అరచేయి ఆనించి, చంటిబిడ్డ గుండె చూసినట్టు చూసింది.

కాగితాలు కొత్తగా చేయించేదాకా ఊరి వీధి దాటకూడదని ఇద్రీస్ గట్టిగా చెప్పాడు. భానుశ్రీ బండెక్కింది. తల్లి వెనకాల ఒక పక్కకు కూర్చొని, కూతురి భుజం పట్టుకుంది. వాకిళ్లలో జనం లేచి నిలబడి చూస్తున్నారు. మలుపు దగ్గర భానుశ్రీ నెమ్మది చేసింది.

"భయమైతా ఉండాదా అమ్మా?"

"భయమేమిటికి? ఇంత నిదానంగా మీ నాయన ఒక్కనాడూ తోలలేదు. పోనీమే!"