ఆ అమ్మాయి అన్న ఆమెన్

దబీర్‌పురా స్టేషన్ బెంచీ మీద నా పక్కన ఓ తల్లి, ఎదిగిన కూతురు కూర్చున్నారు. కూతురికి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బట.

"నిరుడు మెదడుల రక్తం గడ్డకట్టి కుడిచెయ్యి పడిపోయిందక్కా. ఇయ్యాల రక్తం ఎక్కియ్యకుంటే మాట గూడ పోతదంటున్నరు. దీని గ్రూపు యాడ దొరుకుతలేదు," అంది తల్లి.

"ప్రార్థన చేస్తాను. రెండు చేతులూ ఎత్తమ్మా," అన్నాను, మా చర్చి సంఘంలో చెప్పే అలవాటు కొద్దీ.

ఆ అమ్మాయి ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని పైకెత్తింది. నా ప్రార్థన సాగింది. ఎత్తిన చెయ్యి కిందికి జారుతుంటే మళ్లీ పైకి లాక్కుంది.

"జర జల్ది కానియ్యక్కా, దానికి నొస్తది."

నేను ముగించకముందే ఆ అమ్మాయి "ఆమెన్" అంది, స్పష్టంగా.

రైలొచ్చింది, వాళ్లు ఎక్కి వెళ్లారు.

ఆదివారం సంఘమంతా ఆమెన్ అన్నప్పుడు నేను ఒక్క క్షణం ఆగుతాను. ఆ మాట ఆ అమ్మాయికి మిగిలిందో లేదో నాకు తెలియదు.