చెంగు చాటు మాట

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని అందరూ మేస్త్రి అనే పిలిచేవారు. మిషను మూలుగు విని దాని జబ్బేమిటో చెప్పేస్తాడని ఆయనకు పేరు. అంతకన్నా పెద్ద పేరు ఆయన నోటికుంది. షర్టులు కుట్టే రేకుల షెడ్డులోకి అడుగుపెట్టి, పనిముట్ల పెట్టె దించి, షటిల్ విప్పి నూనెగుడ్డతో తుడుస్తూ కబుర్లు మొదలెట్టాడంటే, కుట్టేవాళ్ల కాళ్లు పెడల్ మీద ఉన్నా చెవులు మాత్రం ఆయన దగ్గరే. ఈయనొస్తే పని సాగదని సూపర్‌వైజరు గొణిగేవాడు. గొణుగుతూనే పక్కన నిలబడి వినేవాడు.

ఎన్నిసార్లు చెప్పినా జనం నవ్వే కబురొకటి ఉండేది. "నాకు బిడ్డ పుట్టబోతున్న సంగతి మా ఇంట్లో పిల్లితో సహా అందరికీ తెలుసు, నాకు తప్ప! మా అమ్మ చెబితే గానీ తెలీలేదు. అంత సిగ్గరయ్యా మా ఆవిడ!"

ఆవిడ నిజంగానే నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని షర్టులకు కాజాలు కుట్టేది. ఉపవాస మాసం వచ్చిందంటే ఆ కాస్త మాటా తగ్గిపోయేది. పగలు మొగుడితో ఏదైనా చెప్పాల్సొస్తే తలమీది ముసుగు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకేసి తిరిగి, రెండు ముక్కల్లో తేల్చేసేది. మాసం అయిపోయాక ఊరంతా మామూలు తిండికి మళ్లినా ఆవిడ రోజాలు, అవే ఉపవాసాలు, ఆగేవి కావు. ఆడవాళ్లకు తప్పే రోజులు కొన్ని ఉంటాయని, వాటిని తర్వాత తీర్చుకుంటారని మేస్త్రికీ తెలుసు. ఈవిడవి ఆ లెక్కకు అందేవి కావు. ఆ ఇబ్బందులు వదిలిన వయసులో కూడా ఆగలేదు.

మేస్త్రికి అదంతా భక్తి. "మేం ఉండేది దేవుడు ఉండమన్న రోజులు. మా ఆవిడ ఉండేది దేవుడు అడగని రోజులు కూడా," అని షెడ్డులో ఛాతీ విరుచుకుని చెప్పేవాడు.

ఆ ఏడు ఉపవాసాలు మొదలై కొన్నాళ్లయింది. సాయంత్రం మసీదు నుంచి పిలుపు వినబడగానే ముగ్గురూ ఖర్జూరాలు నోట్లో వేసుకున్నారు. మూడో మనిషి వాళ్ల కూతురు, మందుల షాపులో పనిచేస్తుంది. ఆవిడ నమిలి, గింజ తీసినట్టే చెంగు చాటున నోట్లోంచి ఏదో తీసింది. చేతిలో చూసుకుంది. కూతురూ అటే చూసి కెవ్వుమంది.

అది గింజ కాదు, పన్ను. వేరుతో సహా ఊడొచ్చింది.

"ఏం కాదులే, ముందు నీళ్లు తాగండి," అంది ఆవిడ, చెయ్యి జారి గ్లాసు పడితే అన్నంత మామూలుగా. పన్నును కాగితంలో చుట్టి గూట్లో పెట్టేసింది. మేస్త్రి నోట్లో ఖర్జూరం అలాగే ఉండిపోయింది. ఆవిడకింకా యాభై నిండలేదు. ఆయన్ని గతుక్కుమనిపించింది ఒక్క పన్నే కాదు. కూతురి కేకకు చెంగు తొలగిన ఆ క్షణంలో కనబడిన నోరు. చిగుళ్లు ఎక్కడికో పైకి పోయాయి. పళ్లు సన్నగా, పొడుగ్గా, మొదళ్లలో అరిగిపోయి ఉన్నాయి. ఒకే మంచం మీద పడుకునే మనిషి నోరు అట్లా ఎప్పుడు అయ్యిందో ఆయనకు అంతుబట్టలేదు.

మర్నాడు పొద్దున కూతురు పట్టుబట్టి ఇద్దరినీ పళ్ల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. "నోట్లో మందు పడితే రోజా పోతుందేమో," అని ఆవిడ గుమ్మంలోనే ఆగింది.

"ఇప్పుడు చూడ్డం వరకేనమ్మా. పీకేవి ఉంటే సాయంత్రం మీరు తిన్నాకే," అంది డాక్టరమ్మ.

కుర్చీ వెనక్కి వాల్చి లైటు వేసి చూసింది. చూస్తూ చూస్తూ చేతిలో అద్దం దించేసింది.

"ఏంటమ్మా ఇది? బట్టలుతికే బ్రష్షుతో తోముతున్నారా?"

ఆవిడ చెయ్యి చెంగు కోసం వెతికింది.

"నేను కోప్పడ్డం లేదు. దేంతో తోముతారో చెప్పండి."

"ఉప్పూ, బొగ్గుపొడీ. పగలైతే ఉత్త పుల్లతో."

"రోజుకెన్నిసార్లు?"

"మామూలు రోజుల్లో అందరిలాగే. ఈ నెలలో..." ఆవిడ ఆగి, కూతురి వంక చూసి, "తెల్లారకముందు సహరీ తినగానే ఓసారి. మధ్యాహ్నం ఓసారి. సాయంత్రం ఈయనొచ్చే ముందు ఇంకోసారి. మధ్యలో కూడా, మనసుకి అనిపించినప్పుడల్లా."

"రక్తం రాదా?"

"వస్తుంది. ఉమ్మేస్తాను. ఒక్కోసారి ఎక్కువొచ్చి తెలీకుండానే గొంతులోకి దిగిపోతుంది. అట్లా దిగిన రోజులు గుర్తుపెట్టుకుని, ఈ నెలయ్యాక మళ్లీ రోజా ఉంటాను."

గోడవార నిలబడి మేస్త్రి అంతా విన్నాడు. ఆయన ఊరంతా టాంటాం వేసిన భక్తి అదన్నమాట. అవి దేవుడు అడగని రోజాలు కావు. చిగుళ్లు చిట్లి, పాడయ్యాయనుకుని మళ్లీ మొదటి నుంచి ఉన్న రోజాలు. ఉన్న కొద్దీ మళ్లీ తోమడం, తోమిన కొద్దీ మళ్లీ రక్తం.

"ఎందుకమ్మా ఇంతగా తోమడం?" అంది డాక్టరమ్మ.

"వాసన రాకూడదని," అంది ఆవిడ.

బయట వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాక కూతురు వదల్లేదు. "వాసనొస్తోందని ఎవరన్నారమ్మా నీతో?"

"ఎప్పుడో సంగతిలే."

"ఎవరు?"

"మీ నాన్నే. పెళ్లైన కొత్తలో."

మందుల చీటీ చదువుతున్న మేస్త్రి తల ఎత్తాడు. "నేనా? నేనెప్పుడన్నాను? భలేదానివే!"

"అన్నారు," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఎవరి కథో చెబుతున్నట్టు కూతురికే చెప్పుకుపోయింది. "ఇదే ఉపవాసాల నెల. మీ మేనత్తలంతా వచ్చి ఉన్నారు. మీ నాన్న పనిలోంచి వచ్చి కూర్చున్నారు. అందరి ముందూ చెప్పలేక, దగ్గరికెళ్లి చెవిలో చెబుదామని వంగాను. 'అబ్బ, దూరం జరుగు! చచ్చిన ఎలుక కంపు. ముందు నోరు కడుక్కురా పో,' అన్నారు. మీ అత్తలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాం. వెళ్లి తోముకున్నాను. మళ్లీ దగ్గరికెళ్లడానికి మనసొప్పలేదు."

"ఏం చెబుదామని వెళ్లావు?"

"నీ సంగతే."

కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. తండ్రి వైపు చూడలేదు.

మేస్త్రి చేతిలోని చీటీ బల్ల మీద పెట్టేశాడు. ఇంట్లో అందరికీ తెలిసి తనకొక్కడికీ తెలియకపోవడం, మా అమ్మ చెబితే గానీ తెలీలేదనడం, షెడ్డు షెడ్డంతా ఘొల్లుమనడం, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. తను నోరు మూయించిన మాటనే ఇన్నేళ్లూ నవ్వులాటగా పంచిపెట్టాడు. అంతకన్నా ఆయన్ని నిలువునా కుదిపేసింది మరొకటి ఉంది. ఎంత తవ్వుకున్నా ఆ మాట అన్నట్టు గుర్తే రావడం లేదు. ఆ సాయంత్రం లేదు, ఆ నవ్వులు లేవు. ఆవిడ పళ్లను తినేసిన మాట ఆయన బుర్రలో ఆనవాలైనా మిగల్లేదు.

"నేను... నాకు..." అన్నాడు.

"పోనివ్వండి, మీరేం కావాలని అన్నారా," అంది ఆవిడ. అలవాటుగా మొహం గోడవైపు తిప్పుకునే అంది.

వాళ్లను ఇంటి దగ్గర దింపి మేస్త్రి పనికి పోలేదు. తిన్నగా మసీదుకు పోయి ఇమాంగారి ముందు కూలబడ్డాడు. దాపరికం లేకుండా అంతా చెప్పాడు. విన్నంతసేపూ ఆ పెద్దాయన చేతిలోని తస్బీ జపమాల పూసలు కదల్లేదు.

"పళ్లు తోముకోవద్దని ఎవరూ అనలేదు మేస్త్రీ. పుల్లతో ఎప్పుడు తోముకున్నా మంచిదే. పేస్టూ పొడీ అయితే గొంతులోకి పోతాయన్న భయం ఉంటుంది కాబట్టి తెల్లారకముందే కానిచ్చేయడం మేలు. ఇక రక్తమంటారా, కాస్త చారలా వచ్చింది ఉమ్మేస్తే రోజాకు ఏమీ కాదు. ఎక్కువై మింగినవాటికి ఆవిడ మళ్లీ ఉండటం జాగ్రత్తపరుల పద్ధతి. ఆవిడ తప్పేం లేదు. కానీ రక్తం వచ్చేలా తోమమని ఎవరు చెప్పారు?" అని ఆగాడు. "ఉపవాసం ఉన్నవాడి నోటి వాసన దేవుడికి కస్తూరి కన్నా ఇష్టమని మొన్న శుక్రవారమే కదా చెప్పాను. మీరు ముందు వరసలో కూర్చున్నారు. అందరికన్నా గట్టిగా తల ఊపారు."

మేస్త్రికి తల తీసేసినట్టయింది. మొన్న శుక్రవారమే కాదు, ప్రతి ఏడూ విన్నాడు, ప్రతి ఏడూ ఊపాడు. ఆ మాట తన నోటి గురించే అనుకున్నాడు. ఇంట్లో ఇంకో నోరు ఉందన్న ధ్యాసే ఎప్పుడూ రాలేదు.

పరుగు లాంటి నడకతో ఇల్లు చేరాడు. ఆవిడ కిటికీ దగ్గర కాజా కుడుతోంది. ఈయన అలికిడి విని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా కింద కూర్చుని ఇమాంగారు చెప్పిందంతా గడగడా అప్పజెప్పాడు. కస్తూరి మాట మాత్రం రెండుసార్లు చెప్పాడు.

"నాకు తెలుసండీ," అంది ఆవిడ. "పిల్లకు చిన్నప్పుడు ఆ పాఠం చెప్పింది నేనే కదా."

"తెలిసి కూడా..."

"దేవుడికి ఇష్టమనే తెలుసు." సూదిలో దారం తెంపింది. "సాయంత్రం అయ్యేసరికి ఈ గుమ్మంలోకి వచ్చేది దేవుడు కాదు కదండీ, మీరు."

మేస్త్రికి క్షమించమనాలని నోటిదాకా వచ్చింది. ఆ మాట ఎంత చిన్నదో అప్పుడే తెలిసింది. చివరికి అన్నాడు, అంటూనే ఏడ్చాడు. ఆవిడ కంగారుపడి, "ఏంటండీ ఇది, రోజాలో ఉండి," అంటూ లేచి తలుపు దగ్గరికేసింది, ఎవరైనా చూస్తారని.

ఇంకో రెండు పళ్లు పీకాల్సొచ్చింది. మిగిలినవాటిని డాక్టరమ్మ నిలబెట్టింది. మెత్తటి బ్రష్షు ఇచ్చి, ఎలా పట్టుకోవాలో కూడా చూపించింది. బొగ్గుపొడి డబ్బాను కూతురు చెత్తకుండీలో పారేసింది. ఆ ఏడు మాసం అయ్యాక ఆవిడ తీర్చుకోవాల్సిన రోజాలు చాలా తక్కువ. ఆ రోజుల్లో మేస్త్రి కూడా ఆవిడతో కలిసి ఉపవాసం ఉన్నాడు, ఎవరికీ చెప్పకుండా.

షెడ్డులో మాత్రం ఆయనకేదో జబ్బు చేసిందనుకున్నారు. మేస్త్రి పెట్టె దించుతాడు, షటిల్ విప్పుతాడు, తుడుస్తాడు, పోతాడు. "ఏమైంది మేస్త్రీ, ఉలుకూ పలుకూ లేదు?" అని సూపర్‌వైజరే అడిగాడు. ఆయన ఏం చెబుతాడు? నోటికొచ్చింది వచ్చినట్టు అనేయడంలో ఆయనంతటివాడు లేడని పేరు. అట్లా అన్నవాటిలో ఇంకెన్ని ఎవరెవరి దగ్గర ఉన్నాయో, వాళ్లనేం చేశాయో, తనకొక్కటీ గుర్తులేదు. కాలర్లు కుట్టే అమ్మాయి నవ్వుతూ పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. ఈమెనెప్పుడైనా ఏమన్నానో అని.

మరుసటేడు ఉపవాసాలొచ్చాయి. ఆవిడ చెంగు మళ్లీ నోటి మీదికే పోయింది. ఇన్నేళ్ల అలవాటు చెబితే పోదని మేస్త్రికి అర్థమై, తియ్యమని అడగలేదు. ఓ మధ్యాహ్నం ఆయన త్వరగా ఇంటికొచ్చాడు. కాజాల గుడ్డలు ఇచ్చిపోయిన మనిషి మీద ఆవిడ మండిపడుతోంది. గుడ్డ నాసిరకం, దారం పోగులు పోతోంది, మూడు సూదులు విరిగాయంటే తప్పు నాదేనన్నాడు, వాడు మళ్లీ వస్తే గుమ్మం తొక్కనివ్వనంటూ రెండు చేతుల్లో షర్టు పట్టుకుని ఆయన మొహం ముందుకొచ్చి ఆడించింది. చెంగు భుజం మీదికి జారిపోయింది. ఆవిడ చూసుకోలేదు.

మేస్త్రి కదల్లేదు. కదిలితే ఆవిడకు గుర్తొస్తుందేమోనని భయం. "ఊఁ," అన్నాడు మెల్లిగా, "ఇంకా ఏమన్నాడు వాడు?"