మూడుముప్పావు కాళ్ల ఏనుగు

మా చెల్లె సరోజ మొన్న కరీంనగర్ నుంచి వచ్చి, సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టిన ఊలు ఏనుగును ముక్కు దగ్గరకు తీసుకుంటే బొగ్గు పొగ వాసన వచ్చింది. నలభై ఏళ్లుగా ట్రంకు పెట్టెలో ఎండు వేపాకుల మధ్య పడి ఉన్నా ఆ వాసన దాన్ని వదల్లేదు. బూడిద రంగు ఒళ్లు, చొక్కా గుండీల కళ్లు, కొంచెం వంకర తొండం. మూడు కాళ్లు సమంగా ఉంటాయి, కుడివైపు వెనక కాలు మాత్రం పొట్టి. బల్ల మీద నిలబెడితే ఎప్పటిలాగే ఆ మూలకు ఒరిగి కూలబడింది, ఇంట్లోవాళ్లు ఎప్పటిలాగే నవ్వారు. నా బిడ్డకు ఆడపిల్ల పుట్టి అప్పటికి వారం. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేయాలి. సరోజను తొట్టెలలో వేసిన రోజున ఆమె పక్కన పెట్టిన బొమ్మ ఇది.

“ముప్పావు చిన్నవ్వ లెక్క ఎట్లుంటదో నీ మనుమరాలు గూడ సూడాలె గదా అన్నా” అంది సరోజ.

ఆ నవ్వులో ఈసారి నేను కలవలేదు. మా చిన్నవ్వకు లెక్క రాదన్న మాట మా చుట్టాలందరికీ తెలుసు. అది అబద్ధమని తెలిసింది నాకొక్కడికే. నాకు యాభై రెండేళ్లు వచ్చాయి, చాలాకాలంగా బడిలో పిల్లలకు లెక్కలే చెబుతున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో, ఎవరు తప్పించారో చెప్పాల్సింది నేనే.

మేము పెరిగింది మందమర్రిలో, గని కార్మికుల క్వార్టర్లలో. చలికాలం పొద్దున ఇంటింటి ముందూ బొగ్గు పొయ్యిలు రాజేసి, పొగ తగ్గేదాకా బయటే పెట్టేవారు. వీధిలో కదులుతున్నది మంచో పొగో తెలిసేది కాదు, ఆ తెల్లటి తెరలోంచి షిఫ్టు దిగిన మనుషులు కళ్ల చుట్టూ నల్లటి గీతలతో, మెడకు మఫ్లర్లతో, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బాలతో ఒక్కొక్కరే బయటపడేవారు. ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేది. జొన్నరొట్టెకు, దుప్పట్లకు, తలకు రాసుకున్న కొబ్బరినూనెకు, బడి పుస్తకాలకు కూడా అదే వాసన. సైరన్ మోగితే అన్నాలు, సైరన్ మోగితే నిద్ర లేవడం. మా ఇంట్లో గడియారం ఉండేది గానీ దాన్ని ఎవరూ చూసేవారు కాదు.

నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం; చిన్నవ్వ అంటే బాపు తమ్ముడి భార్య. పెళ్లయిన రెండో ఏడే చిన్నబాపు పని కోసం మస్కట్ పోతే ఆమె మా దగ్గరే ఉండేది. అప్పటికి ఇరవై నాలుగేళ్లుంటాయేమో. పుట్టినిల్లు సిరిసిల్ల, నేతపని వాళ్లు. తండ్రి కూలికి మరమగ్గాలు నడిపేవాడు. ఆమె బడికి పోలేదు గానీ, తెగిన పోగును ముడి కనబడకుండా అతకడం మాటలు రాకముందే నేర్చుకున్నట్టుండేది. నా నిక్కరు చిరిగితే ఆమె కుట్టిన చోటును అవ్వ కూడా కనిపెట్టలేకపోయేది.

ఎండాకాలం ఊరి నుంచి చింతపండు బస్తా వచ్చేది. అవ్వ, నాయనమ్మ, చిన్నవ్వ వాకిట్లో గోనెపట్టా పరుచుకుని, కాయలను రాయి మీద కర్రతో కొట్టి గింజలు తీస్తుంటే, ఆ పులుపు గాలికే మా పళ్లు జివ్వుమనేవి. వేళ్లు అంటుకుపోయేవి, ఈగలు ముసిరేవి, నాయనమ్మ ఈగలనూ మమ్మల్నీ ఒకే తిట్టుతో తరిమేది. గింజల్లో కొన్ని మంగలంలో వేగి, ఉప్పునీళ్లలో నాని, మా నోట్లో కటుకు కటుకుమనేవి. కొన్నిటిని మేము బండకు రుద్ది, ఒకవైపు తెల్లగా చేసి అష్టాచెమ్మ ఆడేవాళ్లం. చిన్నవ్వ మాత్రం నున్నగా, లావుగా, ఒకే తీరుగా ఉన్న గింజలను ఏరి డబ్బాలో దాచుకునేది. అవి ఆమె లెక్కల పుస్తకం.

పక్క క్వార్టర్లో హిందీ మాట్లాడే ఫిట్టర్ భార్య ఉండేది. పసిపిల్లల స్వెట్టర్ అల్లడం చిన్నవ్వకు నేర్పింది ఆమే. ఆమె పత్రికలో చూసి ఎన్ని వరుసలో చెబుతుంటే, చిన్నవ్వ ఆ లెక్కను కొబ్బరి చిప్పల్లోకి దించుకుంది. మగ్గం మీద నాడె అటు పోయి ఇటు వచ్చినట్టు, సూది అటు పోయి ఇటు వస్తే ఒక గింజ. వీపుకు ఒక చిప్ప, చేతికి ఒక చిప్ప, టోపీకి ఒక చిప్ప. ఒక్కసారి పోయి వస్తే ఒక గింజను పక్క చిప్పలో వేసేది. మొదటి చిప్ప ఖాళీ అయిందంటే ఆ ముక్క పూర్తయినట్టు. స్వెట్టర్ చేతికి పదహారు గింజలు.

నాకు పదేళ్లు నిండిన ఏడు, బతుకమ్మ పండుగ తరువాత సరోజ పుట్టింది. తొట్టెలలో పెట్టడానికి ఏనుగు బొమ్మ చేస్తానంది చిన్నవ్వ. ఏనుగును ఎలా అల్లాలో ఆమెకూ తెలియదు, పత్రికలోనూ లేదు. తెలిసిందల్లా స్వెట్టర్. దాన్నే మార్చింది. చేతి ముక్కను మణికట్టు దగ్గర మూసేస్తే కాలు, అలాంటివి నాలుగు. అదే చేతిని సగం కుట్లతో సన్నగా అల్లితే తొండం. వీపు ముక్కలు రెండు కలిపి మెడ మూస్తే కడుపు, టోపీ తల, జేబులు రెండూ చెవులు.

“ఏన్గుకు స్వెట్టరేందే పిల్లా?” అని అవ్వ నవ్వితే, “స్వెట్టర్లకెల్లి పిల్లను తీసి దూది నింపితె ఏన్గే గదక్కా” అంది.

ఊలు కోసం బాపు పాత స్వెట్టర్ విప్పారు. నేను రెండు చేతులు చాపి కూర్చుంటే, ఉంగరాలు తిరిగిన దారాన్ని చిన్నవ్వ నా చేతులకు చుట్టింది. తరువాత అన్నం గిన్నె ఆవిరి మీద పట్టి, ఎండలో వేలాడదీసి, కింద రాయి కట్టి సాపు చేసింది. తడిసిన ఊలు నుంచి బాపు వాసన, బొగ్గు వాసన కలిసి ఇల్లంతా నిండాయి. కడుపులోకి దూది ఆదిలాబాద్ వైపు చుట్టాల చేలోంచి వచ్చింది.

ఆ ఏనుగు మీద చిన్నవ్వ పెట్టుకున్న ఆశ వేరే ఉంది. కాలనీ మహిళామండలిలో ఆడవాళ్లకు అల్లికల తరగతి పెడుతున్నారు, నేర్పే మనిషి కావాలి. మండలి మేడం తొట్టెల నాడు వచ్చి పని చూస్తానంది. “మేడం ఒప్పుకుంటె మీ బాపు లెక్క నేను గూడ డ్యూటీకి పోతరా” అని చిన్నవ్వ నాతో నాలుగైదుసార్లు అంది. నన్ను నవ్వించడానికే అన్నట్టు అనేది గానీ, ఆమె కళ్లు నవ్వేవి కావు.

తొట్టెలకు ముందు రోజు మూడు కాళ్లు పూర్తయ్యాయి. దీపావళి సెలవులు. పక్క వరుస మల్లేశు అష్టాచెమ్మకు పిలిచాడు, మా గింజలు అరిగిపోయాయి. కిటికీలో, నాలుగో కాలి కోసం గింజలు పెట్టుకున్న చిన్నవ్వ చిప్ప కనబడింది. అన్నిటికంటే లావైనవి నాలుగు తీసుకుని గడప బండకు రుద్దాను. రుద్దుతుంటే వేలి కొస కాలింది, మాడిన వాసన వచ్చింది, తెల్లటి పప్పు బయటపడింది. ఆ ఆట ఓడిపోయాను. గింజలు మల్లేశు జేబులోకి పోయాయి. జేబులోకి పోకపోయినా సగానికి అరిగిన గింజలను మళ్లీ చిప్పలో వేయలేను. తొంగి చూస్తే చిప్పలో ఇంకా చాలానే కనబడ్డాయి. నాలుగు గింజలకు ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆ సాయంత్రం చిప్ప ఖాళీ కాగానే చిన్నవ్వ కాలు మూసి, దూది కూరి, కుట్టేసింది. తెల్లారి వంటల హడావుడి. గారెలు, గుడాలు, మలీద ముద్దలు. ఏనుగును నిలబెట్టి చూసే తీరిక ఎవరికీ లేదు. సరోజను తొట్టెలలో వేసి, పక్కన ఏనుగును పెట్టి, పాటలు పాడారు. మేడం దాన్ని తీసి పీట మీద నిలబెట్టింది. పడింది. మళ్లీ నిలబెట్టింది, మళ్లీ పడింది. మూడోసారి అందరూ చూస్తుండగా పడింది.

అప్పుడే బడిలో మాకు పావు, అర, ముప్పావు చెబుతున్నారు. పదహారులో నాలుగు పోతే ఎంతో నాకు బాగా తెలుసు. “మూడుముప్పావు కాళ్ల ఏన్గు!” అని అరిచాను. ఇల్లంతా నవ్వింది. అంతమందిని నవ్వించడం నాకు అదే మొదటిసారి.

“అల్లిక మంచిగున్నది గని, ముందుగాల జర లెక్క నేర్చుకోవమ్మా” అంది మేడం.

చిన్నవ్వ లోపలికి పోయి చిప్ప తెచ్చింది. గింజలు నేల మీద పరిచి లెక్కపెట్టింది. పన్నెండు. “పదారు పెట్టుకున్న గదా” అంది. అవ్వ నా వైపు తిరిగి, “నువ్వేమన్న ముట్టినవారా?” అని అడిగింది.

“నేను ముట్టలే.”

చిన్నవ్వ ఆ పన్నెండు గింజలను మళ్లీ ఒకసారి లెక్కపెట్టి, “నేనే తప్పు పెట్టుకున్నట్టున్న” అంది. కాలు విప్పి మళ్లీ అల్లుతానంటే, తొట్టెలలో పెట్టినదాన్ని విప్పొద్దని నాయనమ్మ అడ్డుపడింది. తరగతి ఇంకొకరికి పోయింది. చిన్నవ్వకు ముప్పావు చిన్నవ్వ అన్న పేరు మిగిలింది.

చిన్నబాపు తిరిగివచ్చి లక్సెట్టిపేటలో ఇల్లు కట్టుకున్నాడు, పేరు వాళ్ల వెంట అక్కడికీ పోయింది. నేను లెక్కల మాస్టరునయ్యాను. తరగతిలో ముప్పావు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఈ ఏనుగు కథే చెప్పి పిల్లలను నవ్వించాను. చిన్నప్పుడు భయపడి అబద్ధం చెప్పాననుకోవచ్చు. పెద్దయ్యాక చెప్పినవన్నీ భయం లేకుండా చెప్పినవే.

ఈసారి ఏనుగును తీసుకుని లక్సెట్టిపేట పోయాను. చిన్నబాపు చనిపోయాక చిన్నవ్వ కొడుకు దగ్గర ఉంటోంది. కళ్లకు పొర వచ్చింది, అల్లడం మానేసింది. వాకిట్లో మంచం మీద కూర్చుని ఏనుగును ఒడిలో పెట్టుకుని, పొట్టి కాలును వేలితో తడుముతుంటే చెప్పాను.

“చిన్నవ్వా, ఆనాడు గింజలు తీసింది నేను. నాలుగు. అష్టాచెమ్మకు.”

ఆమె వేలు ఆగింది. “రుద్దినవా?”

“రుద్దిన.”

“మరి గెలిచినవా?”

“లేదు. ఓడిపోయిన.”

“నీ మొకం మండ, గెలుసుడన్న గెలవకపోతివి!” అని పడీ పడీ నవ్వింది. కోడలు లోపలి నుంచి తొంగి చూసేంతగా నవ్వింది. నవ్వు ఆగాక ఆ పొట్టి కాలును మళ్లీ తడిమింది. తరువాత, వేరే సంగతి చెబుతున్నట్టుగా అంది: “గప్పట్నుంచి ఏదల్లినా ఒకపారి ఇప్పి మల్ల అల్లుడే నాకు. నా లెక్క మీద నాకే నమ్మకం లేకపాయె.”

ఇది నాకు తెలియదు. మా పిల్లలకు, సరోజ పిల్లలకు, మందమర్రిలో పేర్లు కూడా గుర్తులేని ఎందరి పిల్లలకో ఆమె అల్లిన స్వెట్టర్లు కళ్లముందుకొచ్చాయి. ప్రతిదీ రెండుసార్లు అల్లినదే. మన్నించమని అడగలేదు. నా మనుమరాలికి నాలుగు కాళ్ల ఏనుగు కావాలని, నేర్పమని మాత్రం అడిగాను.

“మగోనివి, మాస్టరువు, సూదులు వడ్తవా?” అంది. పట్టాను. బడి అయ్యాక రోజూ నేనుండే మంచిర్యాల నుంచి బస్సెక్కి పోయేవాణ్ని. మొదట గింజలే దొరకలేదు. ఇప్పుడు చింతపండు గింజ తీసి ప్యాకెట్లలో వస్తోంది. గింజలున్నది కావాలంటే దుకాణంలో అబ్బాయి నన్ను వింతగా చూశాడు. చివరికి అంగట్లో ఒక పల్లెటూరి ముసలామె తట్టలో దొరికింది. చిన్నవ్వ చేత్తో తడిమే పదహారు గింజలు ఏరింది. నా మొదటి కాలును తడిమి, “గిది కాలా, బీరకాయనా?” అంది. రెండో కాలు నయమంది. ఆఖరి కాలు పూర్తయ్యాక ఒక్కో కాలినీ వేళ్లతో కొలిచి చూసి, అలవాటుగా “ఇప్పు” అంది. నేను సూది తీశాను. ఇంతలో ఆమె గింజలున్న చిప్పను దగ్గరకు లాక్కుని లెక్కపెట్టింది. పదహారు.

“వద్దు, ఉండనియ్. లెక్క సరిగ్గనే ఉన్నది” అంది.

తొట్టెల నాడు చుట్టాలందరి ముందు రెండు ఏనుగులనూ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. సరోజ తన ఏనుగును తీసుకుని చిన్నవ్వ ఒడిలో పెట్టి, పక్కనే కూర్చుంది. కొత్తది తొట్టెలలో నిలబడింది. తొండం పాతదానికంటే వంకర, కానీ నిలబడింది. కాసేపటికి మా మేనల్లుడు అలవాటుగా “ముప్పావు అమ్మమ్మా, అన్నం తిందురా” అని పిలిచాడు. నలభై ఏళ్ల పేరు ఒక్క పూటలో పోదు. నాలుక కరుచుకున్నాడు, అదే చాలు.

మా క్వార్టర్లు ఇప్పుడు లేవు, గడప బండ లేదు. పొద్దున్నే వీధిలోకి బొగ్గు పొయ్యి తెచ్చిపెట్టేవాళ్లు లేరు, కొత్త ఏనుగుకు దుకాణం వాసన తప్ప ఏ వాసనా లేదు. ఫంక్షన్ అయ్యాక చిన్నవ్వను బస్సెక్కించబోతుంటే చిప్ప గుర్తొచ్చి లోపలి నుంచి తెచ్చి ఇచ్చాను. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుని, గింజలను ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టి, పదహారూ కొంగు మూలకు పోసి ముడి వేసుకుంది.

“ఇంటికి పోయినంక చిప్పల పోస్తగని, నువ్వున్నంతసేపు గివి నా తాన్నే ఉంటయి” అంది.